కదిలే బొమ్మలో మా రవి

ఆగస్టు 11, అరకు

హాస్టల్‌కి తిరిగొచ్చాను. నా మంచం మీద దుప్పటి ఉతికి పరిచి ఉంది. పక్క మంచం సోని పనే. మెస్‌లో నా కంచం కూడా తనే కడిగింది. పాపం, నా కోసం ఏం చెయ్యాలో తెలియక చేతికందినదల్లా కడుగుతోంది.

"నీలా, రాసుకోవే. మనసులో పెట్టుకుంటే కుళ్ళిపోద్ది" అంది. అందుకే ఈ డైరీ. మా తమ్ముడు రవి జూలైలో జ్వరంతో పోయాడు. ఎనిమిదో తరగతి. అంతే, ఇంతకంటే రాయడానికేం లేదు. నేను ఏడవలేదు. సెమిస్టర్ పరీక్షలున్నాయి.

ఒక పని మాత్రం మొదలుపెట్టాను. బొమ్మలు కదిలించే యాప్ ఒకటి ఫోన్లో వేసుకున్నాను. జపాన్ కార్టూన్లలో లాగా ఒక మనిషిని నడిపించాలి. ఒక కుర్రాడు. ఏ కుర్రాడైనా ఫర్వాలేదు. ముఖం తెలిసినదైతే తేలికని రవిని పెట్టుకున్నాను. ప్రాక్టీసు కోసమే.

ఆగస్టు 13

వాన. కరెంటు లేదు. ఫోన్లో చార్జింగు లేదు. గీయలేదు.

ఆగస్టు 17

"నీకీ జపాను బొమ్మల పిచ్చి ఎక్కడ పట్టుకుందే?" అని సోని అడిగింది. యూట్యూబ్‌లో అని తప్పించుకున్నాను. నిజం చెబితే నవ్వుతుంది. నిజం ఇక్కడ రాసుకుంటాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. రవికి నాలుగో, అయిదో. సోమవారం సంతకి నానమ్మతో కొండ దిగి సీతంపేట వెళ్ళాం. చింతపండు అమ్మేశాక నానమ్మ టీ కోసం ఆగింది. కొట్లో టీవీ ఉంది. కొట్టువాడి కొడుకు ఏదో కార్టూన్ పెట్టుకుని చూస్తున్నాడు. అందులో కొండలు, మెట్లు మెట్లుగా వరిమళ్ళు, జోరున వాన. ఆ వానలో ఒక ఇనప కొంగ. ఇల్లంత ఉంది. రెక్క విరిగి ఎగరలేక మళ్ళల్లో అడుగులేసుకుంటూ పోతోంది. దాని పొట్టలో ఒక కుర్రాడు కాపురం ఉంటున్నాడు.

తెలుగు సినిమాల్లో కొండలు నేను చూడకపోలేదు. పాట అయిపోగానే అందరూ కారెక్కి వెళ్ళిపోతారు. ఈ బొమ్మలో మనుషులు ఆ కొండల్లోనే ఉంటున్నారు. బురద కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి పోతున్నారు. కింద కూర్చుని గిన్నెల్లో అన్నం తింటున్నారు. అది మా ఊరిలాగే ఉందనిపించింది. రవి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. నేనూ అంతే. టీ చల్లారిపోతోందని కొట్టువాడు కేకేసినా నానమ్మ కూడా కదల్లేదు.

చూసి చూసి, కొట్టువాడిని అడిగింది.

"బాబూ, ఈల్లు ఎవులింటి పోయినోల్లు?"

కొట్లో ఉన్నవాళ్ళందరూ విరగబడి నవ్వారు. "ఓలమ్మ ఓలమ్మ! అది కార్టూనే ముసిల్దానా! పోయినోల్లంట!" అని కొట్టువాడు కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. నానమ్మ ఎందుకు అడిగిందో వాళ్ళకేం తెలుసు? మా సవరవాళ్ళ ఇళ్ళల్లో గోడ మీద మనిషి బొమ్మ గీసేది పోయినవాళ్ళ కోసమే. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో ఇల్లు గీస్తాం. అందులో పోయినవాడిని గీసి రమ్మని పిలుస్తాం. వాడు వచ్చి అందులో ఉంటాడు. దాన్ని ఎడిసింగ్ అంటాం. ఆ బొమ్మ లేనివాడు ఊరి చుట్టూ తిరుగుతూ ఉండాల్సిందే. మరి గీసిన మనుషులు కనిపిస్తే నానమ్మ ఇంకేమనుకుంటుంది?

మేమిద్దరం నమ్మేశాం. కొండెక్కుతుంటే రవి నానమ్మ భుజం మీంచి నన్ను అడిగాడు.

"అప్పా, కొంగలో ఉన్న ఆ గుంటడు కూడా సచ్చిపోనాడా?"

"సచ్చిపోబట్టే కదా ఆల్లోల్లు గీసినారు" అన్నాను, అన్నీ తెలిసినదానిలా.

"మరి ఆడికి ఆకలెయ్యదా?"

"పెట్టేవోల్లు పెడతారు నాయినా. సూసినావు కాదా, ఎంత బాగా తిరగతన్నాడో. ఆల్లోల్లు బాగా సూసుకుంతన్నారు" అంది నానమ్మ.

ఆ తర్వాత ప్రతి సంతకీ మేం తయారు. నానమ్మ కొనిచ్చిన బఠాణీల్లో కొన్ని రవి టీవీ బల్ల మీద పెట్టేసేవాడు. చీమలు పడుతున్నాయని కొట్టువాడు తిట్టేవాడు. నాకిది ఇష్టమైంది ఇలాగ. సోనికి ఇది ఎలా చెప్పను?

ఆగస్టు 25

తర్వాత మేమిద్దరం చదివిన ఆశ్రమ పాఠశాలలో భోజనాల హాల్లో టీవీ ఉండేది. అక్కడ సోషల్ మాస్టారు మ్యాపు తెచ్చి జపాన్ చూపించారు. "వాళ్ళు చచ్చినవాళ్ళు కాదమ్మా. అక్కడ వందలమంది కూర్చుని ఒక్కో బొమ్మా గీస్తారు. గబగబా తిప్పితే కదిలినట్టు కనిపిస్తుంది" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కొట్లో నవ్వులన్నీ ఒకేసారి వినిపించాయి.

రవి మాత్రం సంతోషపడిపోయాడు. "అంతమందీ కూకుని ఒక్క గుంటడికి గీత్తారా! ఆడెంత అదురుట్టవంతుడో" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను కథ చూడటం మానేశాను. కాలు ఎక్కడ వంగుతోంది, జుట్టు ఎప్పుడు ఎగురుతోంది, అదే చూసేదాన్ని. కొంగ అడుగు తీసి అడుగు వేసేలోపు ఒక్క క్షణం ఆగుతుంది. ఎవరో జపాన్లో కూర్చుని దానికి బరువుందని తలచుకుని గీశారు. ఆ ఎవరో అవ్వాలని నాకు కోరిక పుట్టింది. రవికి గీయడం పట్టలేదు. వాడికి ఆ మనుషులు కావాలి. ఇంటికి ఫోన్ వచ్చాక మేం ఆ కథలు చూస్తుంటే బిస్కెట్టు ముక్క విరిచి ఫోను పక్కన పెట్టేవాడు. ఆరో తరగతికి వచ్చాక కూడా.

ఒక కథలో అయితే, ఆ జపాన్ ఇంటివాళ్ళు చచ్చిపోయిన ముసలమ్మ ఫోటో ముందు గిన్నెడు అన్నం పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. రవి నా డొక్కలో పొడిచాడు. "సూసినావా? నానమ్మ సెప్పింది అబద్దమేటి?"

వాడి చెవి మెలేశాను.

సెప్టెంబరు 2

నడక రావడం లేదు. చేతులు బాగానే ఊగుతున్నాయి. కాళ్ళు మాత్రం వాడివి కావు. ఎవరో పట్నం కుర్రాడు పార్కులో నడిచినట్టుంది. రవి ఎడమ పాదం కొంచెం లోపలికి తిరిగి ఉండేది. దిగుడులో మడమ ముందు వేసేవాడు కాదు, వేళ్ళు ఆనించి చూసుకునేవాడు. కొండల్లో పుట్టిన ఎవడైనా అంతే. మళ్ళీ మొదటినుంచి గీయాలి.

సోని వెనక నుంచి చూసింది.

"మీ తమ్ముడు కదా?"

"కాదు."

"మరి ఆ చెవులు?"

"చెవులు అందరికీ ఉంటాయి."

కాసేపయ్యాక ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తు తెచ్చి నా పక్కన పెట్టి పోయింది.

సెప్టెంబరు 9

నానమ్మ ఫోను చేసింది. చేసింది అంటే, ఎవరిచేతో నొక్కించి చెవి దగ్గర పెట్టించుకుంది. ఆవిడ మాట్లాడేది సవరలో. తెలుగులో రాస్తే సగం పోతోంది, అయినా రాస్తాను.

"గుంటడు ఇంకా కుదుట పడనేదే. ఎజ్జోడు ఎంత పిలిసినా పలకనేదు." పోయినవాళ్ళని తన నోట పలికించేవాడు ఎజ్జోడు. "ఎలాగ పలుకుతాడు? రమ్మంటే ఎక్కడికొత్తాడు? ఆడికి గోడ నేదు. మీ అయ్య ఒద్దంతన్నాడు."

మా అయ్య చర్చి సంఘంలో కలిసి చాలా ఏళ్ళయింది. అమ్మ బాగా జబ్బు పడినప్పుడు సంఘంవాళ్ళే ఆదుకున్నారు, అయ్య ఆ మేలు మరిచిపోయే మనిషి కాదు. గోడలన్నిటికీ సున్నం వేయించాడు. రవి ప్రభువు దగ్గరున్నాడు, గోడ మీద పనేముంది అంటాడు. అయ్య చేసింది తప్పని నేను అనలేను. నానమ్మ ఏడుస్తుంటే ఒప్పనీ అనలేకపోయాను.

"నువ్వు బొమ్మలు బాగా గీత్తావు కదా. గోడ బొమ్మలు గీసే మంగ్లు తాతకి సేతులు వణుకుతన్నాయి. నువ్వొచ్చి గియ్యే. ఒక్క బొమ్మ. ఆడు కూకుందుకు."

పరీక్షలున్నాయి అన్నాను.

"మరి అమ్మేం అంటోంది?" అని అడిగాను.

"మీ యమ్మ ఏటీ అనదు. ఆ గుంటడు పోయిన కాడినుంచి నోరిప్పితే కదా!"

సెప్టెంబరు 10

నేను ఇవేమీ నమ్మను. రాసి పెట్టుకుంటున్నాను. నమ్మను.

సెప్టెంబరు 21

వచ్చింది!

పొద్దున్న చాపరాయి వైపు వెళ్ళే దారిలో ఒక పిల్లాడు కట్టెలమోపుతో దిగుతున్నాడు. వాడి వెనకే చాలాదూరం నడిచాను. వాడు భయపడి పరుగెత్తబోయాడు కూడా. మోకాలు ఎప్పుడు మడుస్తున్నాడో చూసి, వచ్చి గీశాను. ఆడించి చూస్తే రవి. వాడే. ఎడమ పాదం లోపలికి తిప్పుకుని, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, నడుస్తున్నాడు.

చివరి బొమ్మ తర్వాత మళ్ళీ మొదటి బొమ్మ వచ్చేలా కలిపాను. అలా కలిపితే ఆగదు. నేను ఆపితే తప్ప నడుస్తూనే ఉంటాడు. క్లాసులో బల్ల కింద పెట్టుకుని చూశాను. అన్నం తింటూ చూశాను. ఎంత బాగుందో! నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. సోనికి చూపించాను. అది చూసి నోరు నొక్కుకుని బయటికి వెళ్ళిపోయింది. దానికి ఏడుపు తొందర. నేను ఏడవలేదు. పని బాగా కుదిరినప్పుడు ఎవరైనా ఏడుస్తారా?

ప్రాక్టీసు అయిపోయింది. వేరే బొమ్మ మొదలుపెట్టాలి.

సెప్టెంబరు 23

వేరేది మొదలుపెట్టలేదు. వాడికి వెనక వరిమళ్ళు గీస్తున్నాను.

అక్టోబరు 3, ఇంటి దగ్గర

దసరా సెలవులు. ఎస్.కోట, విజయనగరం, పాలకొండ, బస్సులు మారి మారి నడుం పడిపోయింది. సీతంపేట నుంచి జీపు. కొండ కింద దిగి ఎక్కాను. అమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. నన్ను చూసి చేట కింద పెట్టి, నా చెంప పట్టుకుని, మళ్ళీ చేట తీసుకుంది. మాట లేదు. చిక్కిపోయింది.

నానమ్మకి చూపించాలని వచ్చినప్పటినుంచి చేతులు దురదపెడుతున్నాయి. ఆ టీకొట్లో అందరూ నవ్విన మనిషికి, ఇదిగో నేనూ చేశానని చూపించాలి. మెచ్చుకుంటుంది అనుకున్నాను. యాప్ తెరిచాను. గీసే పేజీలో ఒక బొమ్మ వెనక మిగతా బొమ్మలన్నీ లేతగా కనిపిస్తాయి, తర్వాతది ఎక్కడ గీయాలో తెలియడానికి. ఆ పేజీయే ముందు వచ్చింది.

నానమ్మ ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"ఇందరేటే?"

"అందరూ రవే నానమ్మా. ఆగు, ఆడిస్తాను."

"ఇందులో ఆడు ఏడి? ఏ దాంట్లో ఉన్నాడు?"

"అన్నిట్లోనూ..."

"ఓలమ్మ! ఆడ్ని ముక్కలు ముక్కలు సేసేసినావే!" అని ఫోను నా ఒళ్ళో పడేసి నోరు మూసుకుంది. "అందుకేనే పిలిత్తే రానేదు. ఒక్క దాంట్లో కూకోనిచ్చినావేటి ఆడ్ని? దీంట్లోంచి దాంట్లోకి, దాంట్లోంచి దీంట్లోకి తరుముతన్నావు. పోయినోడికి ఒక్క బొమ్మే గీత్తారే. ఒక్కటే. ఆడు అందులో ఆగాల."

"నానమ్మా, ఇది ఉత్త ఫోను. ఉత్త గీతలు."

"ఉత్త గీతలైతే నువ్వెందుకే అస్తమానం సూత్తన్నావు?"

కోపం వచ్చింది. "నువ్వు గోడ మీద గీస్తే దేవుడు, నేను ఫోన్లో గీస్తే పాపమా?" అని అరిచాను. ఇంట్లో అందరికీ వినబడేలా అరిచాను. అమ్మ చేట ఆపింది, మళ్ళీ చెరిగింది.

అక్టోబరు 4

అందరి మీదా కోపంగా ఉంది. వాడి నడక నేను తెచ్చాను. ఈ కొండ మీద ఇంకెవరైనా తెచ్చారా? ఇది తీసేస్తే నాకు వాడి ఫోటోలు మాత్రం మిగులుతాయి. స్కూల్ ఐడీ కార్డులో నోరు బిగించుకుని నిలబడ్డ ఫోటో. అది వాడు కాదు. నేను తీసెయ్యను.

అయ్యకి కూడా చూపించాను. అయ్య అయినా నా వైపు ఉంటాడని. వాకిట్లో అరుగు మీద కూర్చుని చూశాడు. రవి నడిచాడు, నడిచాడు, నడిచాడు. అయ్య ఫోను తిరిగిచ్చి, కండువా దులిపి తోటలోకి పోయాడు. జీడిమొక్కల్లో ఇవాళ పనేమీ లేదని నాకు తెలుసు.

అక్టోబరు 5

నానమ్మ అన్నం ముట్టలేదు. పోయినవాడిని కూర్చోనివ్వకుండా మనం కూర్చుని తింటామా అంది. పంతం. నాదీ ఆవిడ రక్తమే, నేనూ తినలేదు.

ఫోను ఆపి పెట్టి ఉంచాను. కానీ ఒకటి అనిపించింది. నేను బొమ్మ ఆడించడం ఆపినప్పుడు వాడు ఒక కాలు గాల్లో ఉంచుకుని ఆగిపోతాడు. ఏ బొమ్మ దగ్గర ఆపినా అంతే. ఏదో ఒక కాలు గాల్లోనే. మొత్తం నేను గీసిన వాటిలో వాడు నిమ్మళంగా ఉన్న బొమ్మ ఒక్కటీ లేదు.

ఇది నానమ్మకి చెప్పను.

అక్టోబరు 6

పొద్దున్న అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. చెయ్యి చాపింది. నాకు అర్థం కాలేదు. చెయ్యి అలాగే ఉంచింది. ఫోను అడుగుతోందని అప్పుడు తట్టింది.

ఆడించి ఇచ్చాను. రవి వరిమళ్ళ పక్కన నడుస్తున్నాడు. అమ్మ కళ్ళు ఆర్పకుండా చూసింది. ఎడమ పాదం దగ్గర వేలు పెట్టింది. వేలు పెట్టగానే బొమ్మ ఆగిపోయింది, కాలు గాల్లో ఉంది. అమ్మ బెదిరిపోయి వేలు తీసేసింది. మళ్ళీ ఆడించాను. చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలియదు. ముద్దు పెట్టుకుంటుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. వాడు పుట్టినప్పటినుంచి జ్వరం వచ్చిన రోజు దాకా వాడి నడక చూసిన మనిషి, ఏదైనా తప్పు దొరికితే చెబుతుందని నేను కాచుకుని కూర్చున్నాను.

అప్పుడు మాట్లాడింది. ఇన్నాళ్ళకి.

"ఎంతసేపు నడిపిత్తావమ్మా ఆడ్ని? కాళ్ళు నొప్పెట్టవేటి? ఇంక కూకోబెట్టు."

ఏడ్చాను. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని గొంతు పగిలేలా ఏడ్చాను. ప్రాక్టీసు కాదమ్మా, వాడే, వాడి కోసమే చేశానమ్మా అని చెప్పాను. అమ్మ నా జుట్టు నిమురుతూ "తెలుసమ్మా, తెలుసు" అంది.

అయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు. నానమ్మ వంక చూశాడు, సున్నం గోడ వంక చూశాడు.

"సంఘంలో నాను సెప్పుకుంతాను" అన్నాడు. "నువ్వు గియ్యి."

గునపం, గంప తీసుకుని ఎర్రమట్టికి పోయాడు.

అక్టోబరు 7

సున్నం మీద ఎర్రమట్టి అమ్మా నేనూ అలికాం. ఆరేదాకా నానమ్మ నన్ను ఏమీ తిననివ్వలేదు, గీసేవాళ్ళు పస్తుండాలట. బియ్యప్పిండి తనే కలిపింది. మంగ్లు తాత వచ్చి వెదురుపుల్ల చివర నమిలి కుంచెలా చేసి ఇచ్చాడు, గోడ కింద చతికిలబడి కూర్చున్నాడు.

ముందు ఇల్లు గీశాను. తర్వాత వాడు. నడిచే మనిషిని గీయడానికి ఇన్నేళ్ళు నేర్చుకున్నాను. కూర్చున్న మనిషిని గీయాల్సి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఎలా కూర్చునేవాడని అడిగాను. ముగ్గురూ ఒకేసారి మొదలుపెట్టారు. "గోడకి సేరబడి" అన్నాడు అయ్య. "ఒక సెయ్యి కింద ఆనించుకుని" అంది నానమ్మ. "కాళ్ళు సాపుకుని" అంది అమ్మ. "ఇంకొంచెం సాపు. ఇంకొంచెం. ఆ, సాలు."

నానమ్మ అన్నం పెట్టి పిలిచింది. వచ్చాడో లేదో నాకు తెలియదు. ఎజ్జోడు సోమవారం వచ్చి అడుగుతాడట.

ఫోన్లో బొమ్మలన్నీ తీసేశాను. ఒక్కొక్కటే తీశాను. అన్నీ ఒకేసారి తీసెయ్యడానికి ఒక బటన్ ఉంది, అది నొక్కబుద్ధి కాలేదు. అమ్మ గోడకి ఎదురుగా చాప వేసుకుని, తనూ కాళ్ళు చాపుకుని కూర్చుంది.